లాకరు నంబరు 218 వీలునామా

వీరభద్రం కెనడాలోని బర్నబీలో కూతురింటికి వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆయన కలం పట్టింది రెండే రెండుసార్లు. ఒకసారి బ్యాంకులో సంతకానికి, ఇంకోసారి పాలు అయిపోయాయని ఫ్రిజ్ మీద చీటీ అంటించడానికి. చేతులు కట్టేసినట్టు ఉండేది ఆయనకి. ఉండదా మరి! ముప్పై ఎనిమిదేళ్లు మండపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాసిన మనిషి. ఆయన రాసిన కాగితంలో కొట్టివేత ఉండదని పేరు. వీలునామాల కోసమైతే పక్క ఊళ్లవాళ్లు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

జూన్ నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం, మనవరాలు నిఖిల భోజనాల బల్ల దగ్గర పెన్ను కొరుకుతూ కూర్చుంది. పన్నెండో తరగతి అయిపోవచ్చింది ఆ పిల్లకి. ఏం రాస్తున్నావని తల్లి చంద్రకళ అడిగితే, తలెత్తకుండా "మై విల్" అంది.

చంద్రకళ స్టవ్ కట్టేసి మరీ వచ్చింది. "ఛీ, ఏం మాటలే అవి! శుభమా అని ఆగస్టులో కాలేజీకి వెళ్తూ వీలునామా రాయడమేంటి?"

"మామ్, రిలాక్స్. స్కూల్లో ట్రెడిషన్ అది."

విషయమేమిటంటే, ఆ స్కూలు వదిలి వెళ్లే పిల్లలు ప్రతి ఏడూ సరదాకి వీలునామాలు రాస్తారట. కింది తరగతివాళ్లకీ టీచర్లకీ తలా ఒకటి రాసిచ్చి, ఆఖరి వారం అందరి ముందూ చదివి నవ్విస్తారట. పోయినేడు ఎవడో తన చిరిగిన సాక్సుని ప్రిన్సిపాల్‌కి రాసిచ్చాడట. చంద్రకళకి ఇది బొత్తిగా నచ్చలేదు. సోఫాలో కునికిపాట్లు పడుతున్న వీరభద్రానికి మాత్రం నిద్ర ఎగిరిపోయింది.

"వీలునామానా? కాగితం ఇలా తే. ఒక్కపక్కే రాయాలి, ఎడమవైపు మార్జిన్ వదలాలి" అంటూ వచ్చి కళ్లజోడు తగిలించుకున్నాడు.

"తాతయ్యా, ఇట్స్ జస్ట్ ఎ జోక్."

"జోకైనా పద్ధతి అంటూ ఉండాలి కదమ్మా. నువ్వు చెప్పు, నేను తెలుగులో రాస్తాను. తర్వాత నీ ఇంగ్లీషులోకి నువ్వు మార్చుకో."

'నేను పూర్తి తెలివితోను, స్వస్థచిత్తముతోను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాయించుకున్న వీలునామా ఏమనగా' అని మొదలుపెట్టేసరికి ఆయన వేళ్లకి పాత వేగం వచ్చేసింది. ఫిజిక్స్ మాస్టారికి ఆయన కప్పులో రోజూ చల్లారిపోయే కాఫీని వేడి చేసుకునేందుకు ఐదు నిమిషాలు రాసిచ్చింది నిఖిల. ఆ ఐదు నిమిషాలు నీ స్వార్జితమేనా అని వీరభద్రం నిలదీశాడు. లంచ్ టైములోంచి తీసి ఇస్తానంది. పదకొండో తరగతి రేవంత్‌కి, కొండ మీదికెళ్లే బస్సు లేటయిందనే సాకుని సర్వహక్కులతో రాసిచ్చింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"నెక్స్ట్, స్వీటీకి" అంది నిఖిల. గొంతు మారిపోయింది. "సీక్రెట్స్ దాచడంలో ఎక్స్‌పర్ట్ అయిన స్వీటీకి, కీ లేని తాళం ఒకటి."

వీరభద్రం కలం పక్కన పెట్టేశాడు.

స్వీటీ రెండు వీధుల అవతల ఉండే సంతోషం గారమ్మాయి. వాళ్లది కాకినాడ. తల్లి పోయి రెండేళ్లయింది, తండ్రీ కూతుళ్లిద్దరే. ఆదివారం చర్చి అవగానే ఆ పిల్ల ఇక్కడికే వచ్చి భోంచేసేది. దేశం ఆ చివర ఉన్న హాలిఫాక్స్‌కి ఇద్దరూ కలిసి వెళ్లి, ఒకే గదిలో ఉండి చదువుకోవాలని రెండేళ్లు కలలు కన్నారు. తీరా జనవరిలో తెలిసిందేమిటంటే, స్వీటీ అసలు అప్లై చేయనేలేదు. ఆ ముక్క కూడా క్లాసులో ఇంకెవరో చెబితే నిఖిలకి తెలిసింది. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

వీరభద్రం బాధల్లా ఒక్కటే. పిల్ల ఈ కోపంతోనే హాలిఫాక్స్ విమానం ఎక్కిందంటే ఇక ఆ స్నేహం అంతటితో సరి. ముఖం చాటేసి దూరం వెళ్లినవాళ్లు మళ్లీ పలకరించుకోవడం ఆయన అంత సర్వీసులోనూ చూడలేదు. అందుకే మండపేటలో ఎవరైనా కోపంగా వచ్చి తమ్ముడికి చిల్లిగవ్వ రాకుండా రాయమంటే, ముందు హోటల్‌కి వెళ్లి టీ తాగి రమ్మనేవాడు. తాగాక సగం మంది తిరిగి వచ్చేవారే కాదు.

"ఇది నేను రాయను. వెళ్లి మజ్జిగ తాగిరా" అన్నాడు.

"తాతయ్యా!"

"కోపంలో చెప్పింది రాసే అలవాటు నాకు లేదమ్మా."

నిఖిల విసవిసా వెళ్లింది. మజ్జిగ తాగిందో లేదో గానీ, పావుగంటకి వచ్చి కూర్చుంది. "ఓకే, అది స్కిప్ చెయ్. లాకర్ రాయి. టూ వన్ ఎయిట్. అందులో ఆవకాయ వాసన పోదు. సెప్టెంబర్‌లో దాన్ని తీసుకునేవాళ్లకి ఇచ్చేద్దాం."

"ఆవకాయ వాసనేంటి?"

క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ చప్పగా ఉంటాయని, స్కూల్లో పుస్తకాలు పెట్టుకునే ఆ లాకర్‌లో నిఖిలా స్వీటీ ఆవకాయ సీసా దాచుకుని నంజుకునేవారట. జనవరి తర్వాత ఇద్దరూ పంతానికి పోయి పుస్తకాలన్నీ వీపున మోసుకు తిరుగుతున్నారు తప్ప ఆ లాకర్ తలుపు తెరవడం లేదు. సీసా ఇంకా లోపలే ఉంది.

ఆస్తి దొరికిందని వీరభద్రం పొంగిపోయి, అడిగి అడిగి హద్దులు రాశాడు. తూర్పున మంచినీళ్ల కుళాయి, పడమర దీక్షిత్ లాకరు, ఉత్తరాన గోడ, దక్షిణాన నడవా. రాసి ఆగి, "ఇది ఎవరి పేరున ఉంది?" అని అడిగాడు.

"ఇద్దరి పేర్లూ. నాదీ, దానిదీ."

"అలా చెప్పు. ఉమ్మడి ఆస్తన్న మాట. అయితే ఆ పిల్ల సంతకం లేనిదే నువ్వు రాసింది చెల్లదు."

"సీరియస్లీ?"

"చట్టమమ్మా. నేనేం చేసేది?" అంటూ కాగితం కింద రెండు పేర్లూ రాసి, వాటి పక్కన సంతకాలకి చోటు వదిలాడు. నిఖిల తన పేరు దగ్గర పెట్టేసింది. రెండోది ఖాళీగా ఉంది. ఆ కాగితాన్ని కాసేపు చూసి, నాలుగింటికి దాన్ని పట్టుకుని చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.

ఐదయింది. ఆరయింది. వీరభద్రం కిటికీ దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. ఏడు కావస్తుండగా ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఇద్దరి కళ్లూ ఉబ్బిపోయి ఉన్నాయి.

"తాతగారూ, సైన్ ఎక్కడ పెట్టాలి?" అని స్వీటీ అడిగింది.

"చదివి వినిపించకుండా నేనెవరి చేతా సంతకం పెట్టించనమ్మా. కూర్చో." మొదటినుంచి చివరిదాకా చదివాడు. హద్దులు వచ్చేసరికి ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. డాడీని ఒక్కణ్నే వదిలి అంత దూరం వెళ్లలేక అప్లై చేయలేదట. చెబితే నిఖిల కూడా తనకోసం ఆగిపోతుందని నోరు మూసుకుందట. చంద్రకళ ఆ పిల్ల ముందు కంచం పెట్టింది.

సంతకం పెట్టేముందు స్వీటీ ఒక షరతు చేర్పించింది. లాకరు ఇద్దరు స్నేహితులకే చెందాలి, వాళ్లు మాట్లాడుకోవడం మానేసిన రోజున తిరిగి స్కూలు వశమవ్వాలి. అంత పకడ్బందీ షరతు తానైనా రాయలేనని వీరభద్రం ఒప్పుకున్నాడు.

ఆఖరి వారం ఇద్దరూ కలిసే వేదిక ఎక్కారు. హద్దులు చదువుతుంటే హాలంతా గొల్లుమంది. ఫిజిక్స్ మాస్టారు కప్పు పైకెత్తి చూపించారు. లాకరుతో పాటు ఆవకాయ సీసా పదో తరగతి స్నేహితులిద్దరి చేతుల్లోకి వెళ్లింది, వాళ్లు మూత తీసి ముక్కు మూసుకున్నారు. చివర్లో, ఏ దస్తావేజుకైనా ఉండాల్సిన మాట కూడా నిఖిల వదల్లేదు. 'దస్తావేజు వ్రాసినవారు, వీరభద్రం, మండపేట' అని చదివింది. హాల్లో చంద్రకళ పక్కన కూర్చున్న ఆయన, రిజిస్ట్రార్ పిలిచినట్టు గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు, చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి.

బయట కారు దగ్గరికి నడుస్తుంటే నిఖిల ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, ఒకటి అడగనా? ఉమ్మడి ప్రాపర్టీ అయినా మన షేర్ మనం విల్ రాసుకోవచ్చట కదా. అవతలివాళ్ల సైన్ అక్కర్లేదట."

వీరభద్రం ముఖం కందిపోయింది. దస్తావేజులు రాయడం మొదలెట్టాక, రాయించుకునే పార్టీకి ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే.

"ఎప్పుడు చూశావ్?"

"ఆ రోజే. స్వీటీ వాళ్లింటికి వెళ్తూ, దార్లో ఫోన్‌లో."

"మరి వెనక్కి రాలేదేం?"

"దాని పేరు పక్కన ఖాళీ వదిలావు కదా తాతయ్యా. అది అలా ఖాళీగా ఉంటే చూడలేకపోయా."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆకలేస్తోంది, ఇంటికి పద" అన్నాడు చివరికి. "ఆ పిల్లనీ, సంతోషం గారినీ కూడా రమ్మను."