నాలుగో ముడి కింద

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. నరసాపురంలో సైన్సు టీచర్ని. "కంటికి కనపడనిదల్లా దెయ్యం కాదర్రా, రేడియో తరంగమూ కనపడదు" అని పిల్లలకి చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల మూడో, నాలుగో. నాకు హామ్ రేడియో పిచ్చి అంటించింది టెలిగ్రాఫ్ ఆఫీసులో రిటైరైన యోహాను గారు. దేశదేశాలవాళ్లు సరదాకి వైర్‌లెస్‌లో కబుర్లాడుకోవడం ఆయన సొంతంగా కట్టుకున్న రిసీవర్లోనే మొదటిసారి విన్నాను. చంటిపిల్లల్ని కూడా "అండి" అనే మనిషి. ఆ వేసవిలో పోయారు. అప్పటికే రిసీవరు మూగబోయి ఉంది.

ఆయన భార్య మరియమ్మ గారు లేసు అల్లుతారు. నిడదవోలులో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ నన్ను పిలిచారు.

"ఆదివారం లోపు పలికిందా, మీరు పట్టుకెళ్లిపోండి టీచరు గారూ. లేదంటే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానండి. దాన్ని చూస్తూ ఉండలేను."

ఉన్నవి నాలుగు రోజులు. ఆయన సర్క్యూట్ ఎక్కడా గీసి పెట్టలేదు, అంతా బుర్రలోనే.

బడి వదలగానే బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. అబ్బ, ఎన్ని ఉన్నాయో! రకరకాల రిసీవర్ల సర్క్యూట్లు, ఏ ట్రాన్సిస్టర్‌కి ఏ కాలు ఏమిటో చెప్పే కాగితాలు, రేడియోలో పేరుకి బదులు చెప్పుకునే కాల్‌సైన్లలో ఏది ఎవరిదో చూసుకునే జాబితాలు. ఎవరు ప్రశ్న రాసినా ఏ దేశం నుంచో ఒకరు జవాబిచ్చే పేజీ కూడా దొరికింది. ఇన్నాళ్లూ ఇదంతా తెలియకుండా ఎలా బతికానా అనిపించింది. "కరెంటు వస్తోంది, స్పీకరు గుయ్యిమంటోంది, స్టేషన్లు రావడం లేదు" అని ఇంగ్లీషులో రాశాను. ఊరి పేరు గానీ ఆయన పేరు గానీ రాయలేదు.

మర్నాడు ఒకే ఒక్క జవాబు. రాసినవాళ్ల పేరు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"నాలుగో ముడి కింద చూడండి. ఆవిడ్ని ఏమీ అనకండి."

ఏ ముడి? ఎవరావిడ? ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. అయినా ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే మరియమ్మ గారింట్లో కూర్చుని రిసీవరు వెనక రేకు విప్పాను. అక్కడ నేనెప్పుడూ చూడలేదు. లోపల వైర్లన్నీ లేసు దారంతో కలిపి కట్టి ఉన్నాయి, వరసగా ముడులు. సంచిలోని కాగితం గుర్తొచ్చింది. నాలుగోది కోశాను. కింద ఒక వైరు, పైతొడుగు బాగానే ఉంది, లోపల తీగ తెగిపోయింది.

సోల్డరింగ్ చేసి స్విచ్ వేశాను. కీచుమని ఒక కూత, ఆ వెంటనే కొలంబో నుంచి ఎవరో పిలుస్తున్నారు! నలభై ఏళ్లదాన్ని, చిన్నపిల్లలా గంతులేశాను.

మరియమ్మ గారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. "ఎక్కడ పోయిందండి?"

"నాలుగో ముడి కిందండి."

ఆవిడ కోసిన దారాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"ఆయనకి ముడెయ్యడం రాదండి, నేనే కట్టాను. అది బిగిస్తుంటే లోపల పుటుక్కుమంది. ఆఖరి నెలంతా ఏం పోయిందో అని వెతుకుతూనే ఉన్నారు. బాధపడతారని చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదండి."

సంచిలోంచి కాగితం తీసి చదివాను. రెండో వాక్యం మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చేశారు.

సోమవారం నెట్ సెంటర్లో చూస్తే నా ప్రశ్న అలాగే ఉంది. కింద జవాబంటూ ఏదీ లేదు. కాగితం మాత్రం మరియమ్మ గారు బైబిల్లో పెట్టుకుని తీసుకెళ్లారు.

అది ఎవరు రాశారో, ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయనకే తెలియని సంగతి అది. రిసీవరు మా ఇంట్లో పలుకుతూనే ఉంది. నాలుగో ముడి వెళ్లేముందు మరియమ్మ గారే మళ్లీ వేశారు, ఈసారి కాస్త వదులుగా.