సోయా మామ సెలూన్

మా మేనమామ చేతిలో కత్తి ఉన్నంతసేపూ నోట్లో సోయా చిక్కుడు ఉంటుంది. తినడానికి కాదు, తిట్టడానికి. అందుకే వీధంతా ఆయన్ని సోయా మామ అంటుంది.

సెలూన్ కుర్చీలో ఎవరు కూర్చున్నా మొదటి ప్రశ్న ఒకటే.

"పొద్దున ఏం తిన్నావు?"

"గుడ్డు, మామా."

"ఆ గుడ్డు పెట్టిన కోడి ఏం తింది? సోయా దాణా. ఆ సోయా పండిన చోట ముందేముండేది? అడవి! అంటే పొద్దున్నే ఓ అడవిని మింగొచ్చావు. తల ఊపకు, చెవి తెగుద్ది."

పర్యావరణం మీద నేను చాలా సభలకు వెళ్ళాను. జనం అంత కదలకుండా వినడం మాత్రం మామ దగ్గరే చూశాను. ఆయన మాటల్లో అతి ఉంటుంది గానీ అబద్ధం ఉండదు.

ఒకరోజు వాగు పక్కన సోయా వేసే రైతు వచ్చాడు. చేను అంచున ఉన్న చెట్లన్నీ కొట్టించేస్తున్నానన్నాడు. మామ సగం గడ్డం గీసి ఆపేశాడు.

"చెట్లు పోతే నీ మట్టి వాగులోకి పోద్ది. దాంతోపాటు నువ్వు కొట్టిన మందూ పోద్ది. చేపలేం పాపం చేశాయి?"

"నా పిల్లలేం పాపం చేశారన్నా? ఆ చెట్లలోంచి అడవిపందులొచ్చి పంటంతా కుమ్మేస్తున్నాయి. ఈసారీ పోతే పొలం వదిలి కూలికెళ్ళాలి."

రైతు మిగతా సగం గడ్డంతోనే లేచి ఎదురు సెలూన్‌కి వెళ్ళిపోయాడు.

మామ ఆ సాయంత్రం నేలమీది జుట్టంతా ఊడ్చి గోనెలో కుక్కాడు. అది చాలక, ఏళ్ళ తరబడి మాటల్లేని ఎదురు సెలూనాయన గుమ్మమెక్కాడు.

"కాస్త జుట్టుంటే ఇస్తావా?"

ఆయన మామ బట్టతలకేసి జాలిగా చూశాడు. "ఇస్తాను గానీ, అంటుకోదన్నా."

మామ ఉడుక్కోలేదు. గోనెలు మోసుకుంటూ రైతు దగ్గరికెళ్ళాడు. "ఈ ఒక్క పంటకీ గొడ్డలి ఆపు తమ్ముడూ. పందులు నా పూచీ."

చేను చుట్టూ జుట్టు చల్లాడు. నేల వాసన చూస్తూ వచ్చే పందికి ముక్కులో వెంట్రుకలు దూరితే వెనక్కి తిరగాల్సిందే. వానకి కొట్టుకుపోయినప్పుడల్లా మళ్ళీ చల్లాడు, సోయాని తిట్టుకుంటూనే. పంట ఇంటికొచ్చింది. చెట్ల మీద గొడ్డలి పడలేదు.

మళ్ళీ విత్తే ముందు రైతు పిల్లల్నీ బావమరుదుల్నీ వెంటేసుకుని మామ సెలూన్‌కి వచ్చాడు. అందరి జుట్టూ భుజాలమీద పడుతోంది.

"ఇదేం అవతారంరా!" అన్నాడు మామ.

"పెంచామన్నా. ఈసారి నువ్వు ఎదురు సెలూన్‌లో అడుక్కోకూడదని."