రాహుకాలంలో ఆగిపోయే బిల్లు

ఆ కంప్యూటర్లు బాగుచేసేవాడి పేరు నా నోటితో పలకనండి. ఎవరి సొత్తయినా సరే, వాడి నోట్లో పడితే "మనది" అయిపోయేది. మా ఇంట్లో కాఫీ తాగి, "మన కాఫీ బాగుంది పిన్నిగారూ" అనేవాడు.

మా అబ్బాయి తణుకులో ఓ ఎరువుల కొట్టుకి బిల్లులు వేసే ప్రోగ్రాం రాశాడు. నాకు చదువు రాదు గానీ, ఏడాదిపాటు వాడి కళ్ళు ఎర్రబడ్డం చూశాను. ఆ కొట్టాయనకి పట్టింపులెక్కువ. రాహుకాలంలో బిల్లు రాకూడదన్నాడు, మావాడు అలాగే పెట్టాడు. ఈ మహానుభావుడు మిషను బాగుచేస్తానని ఆ కొట్టుకెళ్ళి, మొత్తం ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని, పేరు మార్చి, సగం ధరకి ఊళ్ళన్నిట్లో అమ్మేశాడు. మావాడి దగ్గర కొనేవాళ్ళే లేకుండా పోయారు.

ఓ రోజు పళ్ళికిలిస్తూ మా గుమ్మంలోకి వచ్చాడు.

"మన ప్రోగ్రాం రోజూ గంటన్నర ఆగిపోతోంది తమ్ముడూ. కొట్లవాళ్ళు తిడుతున్నారు. ఎందుకంటావ్?"

"రాహుకాలమండి," అన్నాడు మావాడు.

"అది తీసెయ్ మరి."

"నీదేగా నాయనా, నువ్వే తీసెయ్," అన్నాను నేను. తియ్యడం వస్తే కదండీ. తలొంచుకుని పోయాడు. ఇక కొట్లవాళ్ళంతా మావాడి దగ్గరికే వస్తారనుకున్నాం.

ఒక్కడూ రాలేదు. "మీ కొట్టు బాగు కోరి, రాహుకాలంలో ఆగేలా నేనే పెట్టానండి" అని చెప్పాడట వాళ్ళకి ఆ మహానుభావుడు. వాళ్ళు దణ్ణం కూడా పెట్టారట. వాడు జన్మలో సొంతంగా తయారుచేసింది ఆ అబద్ధం ఒక్కటేనండి.