శాంతాదేవి మందు మార్చింది

మలాయి దేశంలోని సుంగై సిపుట్‌లో మా వీధివాళ్లకు దాలమ్మ జుట్టు సంగతి చెప్పక్కర్లేదు. ఎనభై దాటినా నడుము దాకా దిగే తెల్లటి జడ. సాయంత్రం ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె కొబ్బరినూనె రాసుకుంటుంటే, మోటారుసైకిళ్ల మీద పోయేవాళ్లు కూడా కాస్త వేగం తగ్గించేవారు. ఆ జుట్టంటే ఆమెకు ప్రాణం. కోడలు శాంతాదేవి అన్నా ప్రాణమేనని మాత్రం ఎవరూ అనుకోలేదు. కోడలైతే అసలే అనుకోలేదు.

అనుకోవడానికి ఆధారం ఉండాలి కదా! కాపురానికి వచ్చిన కొత్తలో కూరలో ఉప్పు తక్కువైందని మొదలుపెట్టిన సణుగుడు, కోడలికి నలభై ఎనిమిదేళ్లు వచ్చినా సాగుతూనే ఉంది. శాంత పామాయిల్ తోటల కంపెనీలో తుపాకితో కాపలా కాసే ఆక్సిలరీ పోలీసు. ఆ ఉద్యోగంలో చేతికొచ్చిన పిస్తోలు ఆమెకు సరదాగా మారి, సరదా కాస్తా పిచ్చయింది. ఇపో దగ్గర షూటింగ్ క్లబ్బులో చేరి పోటీలకు వెళ్లడం మొదలుపెట్టింది. "ఆడకూతురికి తుపాకేటే, ఓలమ్మీ! గరిట పట్టుకుంటే సాలదా?" అని దాలమ్మ అడగని శనివారం లేదు. శాంత నవ్వేసి వ్యాను ఎక్కేది. భర్త జగదీష్ బడిపిల్లల వ్యాను నడుపుతాడు. శనివారాలు బడి ఉండదు కాబట్టి ఆ వ్యాను క్లబ్బుకు పోయేది.

శాంత కోరిక ఒక్కటే. పెరాక్ రాష్ట్ర జట్టులో తన పేరు ఉండాలి. నిరుడు ఆ పేరు దాదాపు వచ్చి, జారిపోయింది. గురి తప్పి కాదు, మందు తప్పి.

ఈ ఆటలో గుండు బరువూ దాని వేగమూ కలిపి ఒక లెక్క ఉంటుంది. పోటీ రోజున నీ సంచిలోంచి కొన్ని తూటాలు తీసి, వేగం కొలిచే యంత్రం ముందు పేలుస్తారు. లెక్క వాళ్లు పెట్టిన గీత దాటితే సరే. దాటకపోతే సరదాకి కాల్చుకోవచ్చు, ఒక్క మార్కు కూడా రాదు. చాలామంది తమ తూటాల్ని తామే క్లబ్బు గదిలో కూర్చుని నింపుకుంటారు. కాల్చిన ఇత్తడి గుల్లల్ని ఏరి, తోమి, మళ్లీ తుపాకిమందు పోసి, పైన గుండు బిగిస్తారు. ఆ గది తాళాలు లెచ్చుమనన్ దగ్గర ఉంటాయి. అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. శాంతకు అన్నలాంటి మనిషి. బల్ల మీద ఒకేసారి రెండు రకాల మందు డబ్బాలు కనబడితే, కలిసిపోతే ప్రమాదమని అన్న కాస్తా యముడైపోతాడు.

శాంత ఎప్పుడూ వాడేది మెత్తని మందు. కాల్చితే పిస్తోలు చేతిలో పిల్లికూనలా కదిలి ఊరుకుంటుంది. కానీ ఆ మందుకు చలి పడదు. నిరుడు ఆమె మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్షించి, గీత దాటిందని సంబరపడింది. పోటీ రోజు తెల్లవారుజామున వాన కురిసింది, తూటాలు చల్లబడ్డాయి, వేగం గీత కింద పడింది. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఈ ఏడు అలా జరగకూడదు.

లెచ్చుమనన్ రెండో డబ్బా చూపించాడు. రేకుల్లాంటి మందు, గుల్లను బాగా నింపుతుంది. కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగిపోయి వెంటనే కంటికి కనబడుతుంది. చల్లటి గదిలో ఉంచిన తూటాలతోనూ, ఎండకు వేడెక్కిన వాటితోనూ కాల్చి చూశారు. వేగం పెద్దగా మారలేదు. కానీ దెబ్బ గట్టిది. మణికట్టు అదిరి, రెండో గుండు పక్కకు పోతోంది. హాయిగా ఉండేదాన్ని నమ్మాలా, నమ్మకంగా ఉండేదాన్ని అలవాటు చేసుకోవాలా? పోటీ దగ్గరపడుతున్నా శాంతకు తేలలేదు.

ఒక సాయంత్రం చేపలు వేయిస్తూ, ఫోను స్పీకర్లో పెట్టి లెచ్చుమనన్‌తో మొర పెట్టుకుంది.

"అన్నా, పాత మందు నాకు పడతనేదు. తీసుకుంటే హాయిగానే ఉంటాది, సల్లబడితే పని సెయ్యదు. కొత్తది తీసుకుంటే సెయ్యి అదిరిపోతంది. ఏది వాడాలో తెల్దు."

"భయపడాదే మా!" అని తమిళంలో ధైర్యం చెప్పాడు లెచ్చుమనన్. "రెండూ వాడి చూద్దాం. ఇదే లాస్ట్ ఛాన్స్ కదా, తొందరపడకు."

గుమ్మం అవతల ఉల్లిపాయలు ఒలుస్తున్న దాలమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె లెక్కలో మందు అంటే ఒక్కటే. చల్లబడే ఒళ్లు, వణికే చెయ్యి, ఆఖరి అవకాశం. ఇంక చెప్పడానికేముంది?

ఆమె కోడల్ని అడగలేదు. దాచుకున్న రోగాన్ని కదిపితే మనిషి బెంగపడుతుందని ఆమె నమ్మకం. కంచె దగ్గరకు పోయి అందరూ మక్‌చిక్, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటి మలాయి ఆవిడ రోక్యాతో చెప్పుకుని ఏడ్చింది. మలాయిలో మందుకు ఉబాట్ అంటారు. ఇక్కడే అసలు చిక్కు. ఒంట్లోకి వేసుకునేదీ ఉబాటే, పాతకాలం తుపాకిలో కూరేదీ ఉబాటే. తమిళంలో అయినా మరుందు సంగతి అంతే. మూడు భాషలున్న ఊరిలో ఒక్క భాష అయినా ఈ కుటుంబాన్ని ఆదుకోలేదు.

మర్నాడు రోక్యా గిన్నె నిండా జావ పట్టుకొచ్చి మెల్లగా అడిగింది. "ఉబాట్ మార్చావా, శాంతా?"

పోటీ సంగతి జగదీష్ చెప్పి ఉంటాడనుకుంది శాంత. "ఇంకా లేదు మక్‌చిక్. కొత్తది చాలా ఘాటు. తట్టుకోవడం కష్టంగా ఉంది" అంది మలాయిలో. రోక్యా కళ్లు తుడుచుకుని, ఆమె చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. పక్కింటి మనిషికి షూటింగ్ మీద ఇంత అభిమానం ఉందని తెలిసి శాంత మురిసిపోయింది.

ఆ రాత్రి ఇంకా పెద్ద ఆశ్చర్యం. అన్నంలో చారు పోస్తూ దాలమ్మ ఆమె వైపు చూడకుండా అంది:

"సూడు శాంతా, హాయిగా ఉన్న మందు నమ్మకు. సెయ్యి అదిరితే అదరనీ. పని సేసేదే వాడు. నాల్రోజుల్లో అలవాటయిపోతాది."

శాంత తలెత్తి చూసింది. "నువ్వు కూడా అదే అంటావేటి, అత్తా?"

"నేను కాక ఎవలంటారే? నీకు ఇంకెవలున్నారు ఈ ఇంట? ఆ జగ్గడా?"

జగదీష్ తలెత్తకుండా అప్పడం విరుచుకున్నాడు. తుపాకి మాట ఎత్తితే మండిపడే అత్త తన కోసం మందు గురించి ఆలోచించింది! ఆ క్షణానే నిర్ణయం అయిపోయింది. శనివారం వెళ్లి, "అన్నా, గట్టిదే పొయ్యి" అంది లెచ్చుమనన్‌తో. సాయంత్రాలు మణికట్టు బలానికి ఇసుక సీసా ఎత్తడం అభ్యాసం చేసింది. ఆ సీసాను చూసి దాలమ్మ, పాపం బలం తగ్గిపోయింది కాబోలు అనుకుని, చారులో మిరియాలు పెంచింది.

పోటీ రోజున నిరుటిలాగే వాన. ఒంట్లో బాగాలేని మనిషిని ఒంటరిగా పంపనని పట్టుబట్టి, దాలమ్మ ఫ్లాస్కుతో సహా వ్యాను ఎక్కింది. కూర్చున్నచోటే ఆమె చెవులకు శబ్దం ఆపే పెద్ద తొడుగులు పెట్టారు. అంత జడను చుట్టి ముడేస్తే తొడుగు పట్టక, లెచ్చుమనన్ ఆమె జడను భుజం మీదికి సర్దాల్సి వచ్చింది.

శాంత సంచిలోంచి అధికారి తూటాలు ఏరుకున్నాడు. తడిసిన గాలి చల్లగా తగులుతుంటే ఆమె యంత్రం వైపే చూస్తూ నిలబడింది. పేల్చారు. అధికారి యంత్రం చూసి, కాగితం మీద రాసుకుని, బొటనవేలు పైకెత్తాడు. గీత దాటింది, హాయిగా దాటింది!

శాంత పరుగెత్తుకొచ్చింది. "అత్తా! మందు పడింది!"

"అప్పన్నా, నా తండ్రీ!" దాలమ్మ తొడుగులు లాగి పారేసి, కోడల్ని పదిమందిలో కావలించుకుని బావురుమంది. ఆ కౌగిలి శాంతకు కొత్త. ఏం చేయాలో తోచక ముసలామె వీపు నిమురుతూ నిలబడింది. దాలమ్మ ఫ్లాస్కు మూత తిప్పి కషాయం వంచింది. "ఇదీ తాగెయ్. పొద్దుట మోతాదు ఏసుకున్నావా నేదా?"

"ఏ మోతాదు?"

"నీ రోగానికే!"

"నాకు రోగమేటి అత్తా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంగతి ముందు లెచ్చుమనన్‌కు వెలిగింది. అతను ఒక తూటా తెచ్చి, అందులో పోసేదే ఈ మందని దాలమ్మకు చూపించాడు. జగదీష్ నవ్వు ఆపుకోలేక వ్యాను వెనక్కి పోయాడు. దాలమ్మ ఆ ఇత్తడి ముక్కను చాలాసేపు చూసింది. "ఈ సచ్చినదాని కోసమా నేను నిద్ర మానేసినాను!" అని తిట్టింది. తరవాత ఆమెకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఒంట్లో ఉండగానే శాంత కాల్చేచోటికి వెళ్లింది. బిగిసిన భుజాలు వదులయ్యాయి. పిస్తోలు అదిరింది, అదరనిచ్చింది. ఇనుప పలకలు ఠంగ్ ఠంగ్ మంటూ పడ్డాయి. సాయంత్రం పెరాక్ జట్టు పేర్లు చదివారు. ఆఖరి పేరు శాంతాదేవి. ఆఖరిదైతేనేం, చదివారు.

తిరిగి వస్తుంటే వ్యానులో దాలమ్మ ఉన్నట్టుండి అంది: "ఆదివారం సుంగై సుమున్ పోవాల. అక్కడి గుళ్లో అప్పన్నకు మొక్కుకున్నాను. నా కోడలికి మందు పడితే నా జుట్టు ఇత్తానన్నాను."

"ఒద్దత్తా," అంది శాంత. "నాకు రోగమే నేదు కదా. ఆ మొక్కు సెల్లదు."

"రోగం మాట నేనెత్తినానా? మందు పడితే అన్నాను. పడింది. దేవుడి కాడ మాట మారుత్తామేటి?"

శాంతకు అర్థమైంది. తనంటే పడదనుకున్న మనిషి, తన కోసం ప్రాణంలాంటి జడను ఎప్పుడో ఇచ్చేసింది. జట్టులో పేరు చదివినా రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. కిటికీ వైపు తిరిగి, ఆపుకోకుండా ఏడ్చింది, అదీ సంతోషంగా.

ఆదివారం గుడి ముందు మంగలి కత్తి పెట్టాడు. తెల్లటి జడ పళ్లెంలో చుట్టలా పడింది. నున్నటి తలకు శాంత తన చేత్తోనే గంధం రాసింది. "మందు దానిది, గుండు నీది" అన్నాడు జగదీష్, తల్లి కొట్టడానికి చెయ్యెత్తేలోగా దూరం జరిగి. దాలమ్మ తల తడిమి చూసుకుంది, చల్లగా ఉందంది. తరవాత కోడలి చెవి దగ్గరకు వంగింది.

"ఇదిగో శాంతా, మళ్లీ మందు మార్సకు. నా కాడ ఇంకో జుట్టు నేదు."