ఫోర్త్ గేర్ గిటారిస్టు చెవులు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందటి మాట. అప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి చెవి విభాగంలో సీనియర్ ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరు చీటీ రాసి పంపితే, బయటి శబ్దం చొరబడని గదిలో రోగిని కూర్చోబెట్టి వినికిడి కొలవడం మా పని.

ఆ వేసవిలో ఒక ఉదయం ఖలీల్ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఆటోనగర్‌లో సైలెన్సర్లు చేస్తారు. హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాను. కీచుమనే సన్నని శబ్దాల దగ్గర గ్రాఫు గోతిలో పడ్డట్టు దిగిపోయింది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల మధ్య ఉన్నవారికి అలా వస్తుంది. కేసు షీటులో కారణం రాయాలి కాబట్టి అడిగాను.

"రేకులు కొట్టడం ముప్పై ఏళ్లండి. అంతకుముందు గిటారు. మాకో హార్డ్ రాక్ బ్యాండుండేది లెండి, మీకు తెలిసుండదు."

"పేరేంటండీ?"

"ఫోర్త్ గేర్."

కేసు షీటు పక్కన పెట్టేశాను. నేను డిగ్రీ చదివేటప్పుడు వాళ్లు మా కాలేజీ ఫంక్షన్‌లో వాయించారు. మొదటి పాటకే సగం హాలు లేచి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు సినిమా పాటలు కావాలని కేకలేశారు. నేను ముందు వరుసకు వెళ్లి కూర్చున్నాను. ఆ గిటారు మోత కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కింది. అంత హోరులోనూ ఒక్కో తీగ విడిగా వినబడటం నాకు ఇప్పటికీ వింతే. వాళ్ల పాటలు ఎవరూ క్యాసెట్టుగా వేయలేదు. మళ్లీ వినాలని, అక్కడ వాళ్ల ప్రోగ్రాం ఉందని తెలిసి, నేను కంకిపాడు దాకా బస్సెక్కి వెళ్లాను. ఆ మాటే ఆయనతో అన్నాను.

"కంకిపాడా? అక్కడ జనమే లేరు కదండీ!"

"పదకొండు మందిమి ఉన్నామండీ."

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. పాత డ్రమ్మర్ సత్యంతో కలిసి ప్రతి ఆదివారం షెడ్డులో ఇంకా వాయిస్తున్నారు. అది మానేయాల్సి వస్తుందేమోనన్నదే ఆయన భయం. పద్ధతి ప్రకారం మానమనే రాయాలి. చెయ్యి రాలేదు. ముందు అక్కడి శబ్దం కొలుస్తానన్నాను.

ఆదివారం మీటరు పట్టుకుని వెళ్లాను. నూట ఎనిమిది డెసిబెల్స్. చెవులను నిశ్చయంగా పాడుచేసే మోత. ఇద్దరికీ ఇయర్ ప్లగ్గులు ఇచ్చాను.

"వినబడకపోతే ఏం వాయిస్తామండీ?" అని ఖలీల్ గారు గొణిగారు. అయినా పెట్టుకున్నారు. కాసేపు తడబడ్డారు. ఆ తర్వాత దవడను గిటారు చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని అందుకున్నారు. ఎముక గుండా శబ్దం లోపలి చెవికి ఎలా చేరుతుందో నేను రోజూ యంత్రంతో పరీక్షించేదే. ఆ కిటుకు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒక్క స్వరం తప్పలేదు. నేను మీటరు చూడటమే మరిచిపోయాను.

'వాయించవచ్చు. ప్లగ్గులు తప్పనిసరి. వారానికి అరగంట' అని రిపోర్టు రాశాను. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే గ్రాఫు అక్కడే నిలిచి ఉంది.

చెవి ఎంత పోగొట్టుకుందో మాత్రమే గ్రాఫు చెబుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏం పని చేస్తారని అడిగేముందు ఏం వినడం ఇష్టమని ప్రతి రోగినీ అడిగాను. సలహా ఆ జవాబును బట్టి రాశాను.