అయ్యవారి వెనకాల

మా హైస్కూల్లో ఆడపిల్లలకు ఒక రూలుండేది. గంట కొట్టగానే మగపిల్లల మాదిరి తరగతిలోకి పోయి కూర్చోకూడదు. ఆఫీసు పక్కనున్న చిన్న గదిలో కాచుకోవాలి. అయ్యవారు వచ్చి గుమ్మం ముందు ఒకసారి దగ్గుతారు. అప్పుడు లేచి ఆయన వెనకాలే తరగతికి పోవాలి. పీరియడ్ అయిపోతే మళ్ళీ ఆయన వెనకాలే గదికి రావాలి. వరండాలో ఒంటరిగా కనిపిస్తే ఆ పూటకు ఇంటికే. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది, అదీ పోయి హైదరాబాదు అయింది. ఈ రూలు మాత్రం కదల్లేదు.

ఎస్సెస్సెల్సీ తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి పీరియడ్ లెక్కలు. హాజరు పిలిచేది కూడా అప్పుడే. లెక్కల సారు రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో మా ఊరికి వచ్చేవాడు. బస్సు బడి వెనక రోడ్డు మీద ఆగేది. ఆయన దిగి, కంచెలో సందు చూసుకుని, వెనక తలుపు గుండా నేరుగా తరగతిలోకి పోయేవాడు. చుట్టు తిరిగి మా గది ముందుకొచ్చి దగ్గాలని ఆయనకు గుర్తుండేది కాదు. మంచివాడే. లెక్కలు తప్ప ఇంకేదీ గుర్తుండేది కాదు.

మా గదికీ ఆ తరగతికీ మధ్య గోడ పైకప్పు దాకా లేదు. నా నంబరు పిలవడం నాకు వినపడేది. ఆ తర్వాత మగపిల్లల నవ్వు. ఒకరోజు ఉండబట్టలేక గోడ ఇవతలి నుంచే "ప్రెజెంట్ సార్" అన్నాను.

"మనిషి కనపడాలమ్మా. గొంతుకు హాజరు వేసే రూలు లేదు," అని అవతలి నుంచి జవాబు వచ్చింది.

ఆ రోజైనా వచ్చి పిలుచుకుపోతాడేమోనని చూశాను. సుద్దముక్క చప్పుడు మొదలైంది.

నాయన తాలూకాఫీసులో గుమాస్తా. హెడ్మాస్టరు ఆయన్ను పిలిపించి, హాజరు ఇట్లే ఉంటే నన్ను పరీక్షకు పంపలేమని చెప్పాడు. నాయన ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగాడు.

"బడికని బయల్దేరి యాడికి పోతాండావు?"

"బడికే."

"బడిలో లేవంట గదా."

"బడిలోనే ఉండా. తరగతిలో లేను."

ఆఫీసు మనిషి కాబట్టి నాయనకు నా మాట అర్థమైంది. అర్థమైనా చేసేదేమీ లేదన్నాడు. రెండూ రూల్సే. ఈ ఏడు పరీక్ష రాయకుంటే ఇంకో ఏడు చదివించేది లేదని కూడా చెప్పేశాడు. వంటింట్లోంచి మా అవ్వ, "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పిల్ల ఏం చేస్తాది రా?" అంది. పరీక్ష రాయాలని ఉండింది. శానా ఉండింది. ఇంతకు మించి ఎట్లా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

హెడ్మాస్టరు పులివెందులలో పనిచేసి వచ్చినవాడు. ఆయన బెత్తానికి జడిసి అక్కడి పిల్లలు గంట కంటే ముందే బడికి చేరేవాళ్ళని చెప్పుకునేవారు. రోజూ మొదటి గంట కాగానే ఆ బెత్తం చంకలో పెట్టుకుని, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం వరండాలన్నీ తిరిగేవాడు. మరుసటి రోజు ఆయన మా గది దాటిపోతుంటే లేచి ఆయన వెనకాల నడిచాను. కొంచెం దూరం పోయి తిరిగి చూశాడు.

"ఏందమ్మా, నా వెంట వస్తాండావు?"

"అయ్యవారి వెనకాలే పోవాలని రూలు సార్."

"మీ అయ్యవారి వెనకాల."

"ఏ అయ్యవారో రూల్లో లేదు సార్."

ప్రార్థన తర్వాత ఆ రూలు అందరికీ చదివి వినిపించేది ఆయనే. అందులో ఏముందో నాకంటే బాగా తెలుసు. బెత్తం ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని ముందుకు నడిచాడు. తరగతిలోకి ముందు ఆయన, వెనక నేను. పిల్లలంతా లేచి నిలబడ్డారు. నా నంబరు పిలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆనాటి నుంచి పరీక్షల దాకా హెడ్మాస్టరే నన్ను తరగతిలో దిగబెట్టాడు. జ్వరంగా ఉన్న రోజు కూడా తలకు మఫ్లర్ చుట్టుకుని వచ్చి గుమ్మం ముందు దగ్గాడు. ఆ రోజుది నిజం దగ్గు. లెక్కల సారును దారి మార్చుకోమంటే ఒక్క మాటతో పోయేది. ఆ మాట చెప్పాలని ఆయనకు తోచలేదు. గుర్తుచేయాలని నాకూ తోచలేదు.

హాజరు సరిపోయింది. పరీక్షలు ప్రొద్దుటూరులో. నాయన గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. గంట కొట్టారు. మగపిల్లలంతా లోపలికి పోయారు. నేను హాలు గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను. లోపల ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. ముక్కూమొహం తెలియని సూపర్వైజరు ఒకాయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు.

"ఎవరి కోసరం నిలబడినావమ్మా?"

"అయ్యవారి కోసం సార్."

"ఏ అయ్యవారు? పరీక్ష రాసేది నువ్వు గదా. రా లోపలికి."

గడప దాటాను. ముందు ఎవరి వీపూ లేకపోయేసరికి గది మొత్తం ఒక్కసారిగా కనపడింది. నా నంబరున్న బెంచీ నేనే వెతుక్కుని కూర్చున్నాను.