మా కాక కాపాడిన నెమళ్ల గుట్ట

ఆ రోజుల్లో అమీర్‌పేటకు కోర్సులకని వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి నేర్చుకుని పోయారు. నేను మాత్రం కంప్యూటర్‌తో పాటు నెమలిలా అరవడం కూడా నేర్చుకుందామని చూశాను, రెండూ రాలేదు. ఉండేది కృష్ణానగర్‌లో మా కాక (నాన్న తమ్ముడు) ఇంట్లో. సినిమాల్లో పక్షుల గొంతులన్నీ ఆయనవే. "గొంతులకెంచి కాదు బిడ్డా, కడుపులకెంచి రావాలె" అని నాకు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. పొద్దున్నే ఇద్దరం పంజాగుట్ట వెనక ఉన్న చిన్న రాళ్లగుట్టకు నడకకు వెళ్లేవాళ్లం. ఒకప్పుడది ఎవరో జాగీర్దారు వేటాడిన చోటట. వారసులు అమ్ముకోగా మిగిలిన ముక్కలో నెమళ్లున్నాయని సర్కారు కంచె వేసి, రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టింది. నేను వచ్చేసరికి వాటిని కుక్కలు తినేశాయి. బోర్డు మీద బొమ్మ ఒక్కటే మిగిలింది.

ఏటా ఒక ఆఫీసరుగారు గేటు దగ్గర నిలబడి, అరుపులు విని, నెమళ్లు ఉన్నదీ లేనిదీ రాసుకుపోయేవారు. లేవని తేలితే కంచె తీసేసి పార్కింగ్ కడతారని వాకర్లు కుమిలిపోతుంటే, "నేనున్న గదా, ఫికర్ చెయ్యకుండ్రి" అని కాక తుమ్మపొదల్లో దూరాడు. ఉబ్బసంతో ఆయాసపడుతూనే ఈ రాయి వెనక ఒక నెమలి, ఆ రాయి వెనక ఇంకో నెమలి అయ్యాడు. (అరికాల్లో ముల్లు దిగినప్పుడు కూడా నెమలిలాగే అరిచాడు. పని మీద అంత భక్తి.) ఆఫీసరుగారు ఉన్నాయని రాసుకున్నారు. కొన్నేళ్లు అలాగే గడిచాయి.

తర్వాత కాకకు గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది గానీ గొంతు పోయింది. ఆ ఏడు ఆఫీసరుగారి వెంట పెద్దాఫీసరు కూడా వచ్చారు. వద్దన్నా వినకుండా కాక నన్ను వెంటబెట్టుకుని పొదలో కూర్చున్నాడు, అలవాటుగా నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నా వైపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేక నేనే అరిచాను. మేకపిల్ల పీక నొక్కినట్టు వచ్చింది.

పెద్దాఫీసరు నవ్వి, లేవని రాయించారు. ఆయన జీపెక్కాక మన ఆఫీసరుగారు పొద దగ్గరికొచ్చి, "నెమళ్లు లేవని నాకు మొదటేడే తెలుసమ్మా. మీ బాబాయిగారు అరుస్తున్నన్నాళ్లూ ఉన్నాయనే రాద్దామనుకున్నాను" అన్నారు. కాక తలవంచుకుని విన్నాడు. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడక్కడ పార్కింగ్ ఉంది. కాక లేడు. మెట్రో అటుగా పోయినప్పుడల్లా నాకు తెలియకుండానే గొంతు సవరించుకుంటాను. పక్కనున్నవాళ్లు జలుబనుకుని కాస్త దూరం జరుగుతారు.